చాక్లెట్ ఫ్యాక్టరీ రచయిత చేయించిన వాల్వ్

స్కూల్లో లైబ్రరీ పీరియడ్ అంటే నాకు రోల్డ్ డాల్ పుస్తకాలే. మటిల్డా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆయన చొరవతో ఒక మెడికల్ పరికరం తయారైందని మాత్రం ఈ మధ్యే తెలిసింది.

డాల్ 1916లో వేల్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులది నార్వే. యుద్ధంలో పైలట్‌గా పనిచేశాడు. 1940లో ఎడారిలో విమానం కూలి, తలకి పెద్ద దెబ్బ తగిలినా బతికాడు. తర్వాత రచయిత అయ్యాడు, నటి ప్యాట్రీషియా నీల్‌ని పెళ్లి చేసుకున్నాడు.

1960 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఒక ట్యాక్సీ వాళ్ల బాబు థియో ఉన్న పిల్లల బండిని గుద్దేసింది. థియోకి అప్పుడు నాలుగు నెలలు.

మన మెదడులో రోజూ కొంత ద్రవం తయారై, మళ్లీ రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. తలలో రక్తస్రావమైతే ఆ దారులు మూసుకుపోవచ్చు. అప్పుడు నీరు పేరుకుని మెదడుని నొక్కేస్తుంది. థియోకి అదే జరిగింది. డాక్టర్లు షంట్ అనే సన్నని గొట్టం వేసి ఆ నీటిని బయటికి మళ్లించారు. నీరు వెనక్కి పోకుండా అందులో ఒక వాల్వ్ ఉంటుంది. ఆ వాల్వ్‌లోని సన్నని చీలికలు మాటిమాటికీ పూడుకుపోయేవి. పూడినప్పుడల్లా బాబుకి చూపు తగ్గేది, మళ్లీ ఆపరేషన్.

డాల్ ఏడుస్తూ కూర్చోలేదు. స్టాన్లీ వేడ్ అనే హైడ్రాలిక్ ఇంజనీర్‌ని పట్టుకున్నాడు. బొమ్మ విమానాల ఇంజన్లకి చిన్న చిన్న పంపులు చేయడం వేడ్ హాబీ. లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో న్యూరోసర్జన్ కెన్నెత్ టిల్ సమస్య ఎక్కడుందో చెప్పాడు: రక్తస్రావమైన మెదడులో మిగిలే మడ్డే వాల్వ్‌ని పూడ్చేస్తోంది. అందుకని వేడ్ చీలికలు తీసేసి, లోపల కదిలే చిన్న లోహపు బిళ్లలు పెట్టాడు. ద్రవం తోస్తే బిళ్ల లేస్తుంది, వెనక్కి వస్తే మూసుకుంటుంది.

1962లో ఆ వాల్వ్ సిద్ధమైంది. అప్పటికి థియో కోలుకున్నాడు, వాడికి దాని అవసరమే పడలేదు. అదే ఏడాది నవంబర్‌లో డాల్ పెద్ద కూతురు ఒలీవియా తట్టు వల్ల మెదడు వాచి, ఏడేళ్లకే చనిపోయింది. ఆ పాపకి మాత్రం ఏమీ చేయలేకపోయాడు.

ముగ్గురూ ఆ వాల్వ్ మీద లాభం తీసుకోలేదు. అది దాదాపు 3,000 మంది పిల్లలకి పనికొచ్చింది. 1990లో డాల్ చనిపోయాడు.

మనం ప్రాజెక్ట్ టాపిక్ దొరక్క నెలలు గడిపేస్తాం. ఆయనకి టాపిక్ ఇంట్లోనే, ఉయ్యాల్లో ఉంది.