అపరిచితులను కలిపిన ఉద్యానశిల్పి

మహానగరములో వేలకొలది జనులు ఒకే వీథిని నడచుదురు. అయినను ఒకరి మొగమొకరు చూడరు. ఎదుటివానిని తగులకుండ తప్పుకొనిపోవుటయే అచ్చటి మర్యాద. ఈ యెడమును తగ్గించుటకు చెట్టును, పచ్చికను, నీటిని సాధనములుగా గైకొన్నవాడు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్.

ఆయన 1822 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున ఒక వర్తకుని యింట జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. కళాశాల చదువు సాగలేదు. ఓడ పనివాడై చైనాకు పోయెను, సేద్యము చేసెను, పత్రికలకు వ్రాసెను. ముప్పదియైదేండ్లు వచ్చువరకు ఏ వృత్తియందును నిలదొక్కుకొనలేదు.

1850లో ఇంగ్లండు పర్యటనమున బర్కెన్‌హెడ్ పట్టణపు ఉద్యానవనమును చూచెను. అందు ధనికులును కూలివారును సమానమైన హక్కుతో తిరుగుట ఆయన హృదయమును ఆకర్షించెను. పిమ్మట అమెరికా దక్షిణ రాష్ట్రములలో సంచరించి, బానిసత్వమును గూర్చి గ్రంథములు రచించెను. ఎల్లరకు ఉమ్మడియైన స్థలములును సంస్థలును లేనిచోట సంఘము వికసింపదని ఆ పర్యటనములు ఆయనకు నేర్పెను.

1857లో న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కు పనికి పర్యవేక్షకుడుగా చేరెను. దాని రూపకల్పనకై జరిగిన పోటీకి 33 ప్రణాళికలు వచ్చెను. వాస్తుశిల్పి కాల్వర్ట్ వాక్స్‌తో కలసి ఓమ్‌స్టెడ్ గీసిన ప్రణాళికకు 1858లో ప్రథమ బహుమానము లభించెను. నగరపు బండ్లు తోటను దాటు నాలుగు మార్గములను వారు నేలమట్టమునకు దిగువగా నడిపించిరి. లోపల వాహనములకు, గుఱ్ఱపురౌతులకు, పాదచారులకు వేర్వేరు బాటలు వేసిరి. ఎల్మ్ వృక్షముల వరుసల నడుమ విశాలమైన నడకదారి నొకదానిని ఏర్పరచిరి. జనులు గుమిగూడి, తమ తోడి నగరవాసులను తీరికగా చూచుటకే అది ఉద్దేశింపబడినది.

ఈ కీర్తికి ఒక నీడయు కలదు. ఆ స్థలమందు సెనెకా గ్రామమను పల్లె యుండెను. నివాసులలో అధికసంఖ్యాకులు స్వతంత్రులైన నల్లజాతివారు. తోటకొఱకు 1857 నాటికి వారందరిని వెడలించిరి. ఆ నిర్ణయము ఓమ్‌స్టెడ్ చేసినది కాదు. కాని అందరిని కలుపవలసిన నేల మొదట కొందరిని చెదరగొట్టినది. 2011లో జరిపిన త్రవ్వకములలో వారి యిండ్ల పునాదులు బయల్పడెను.

1860లో బండిప్రమాదమున ఓమ్‌స్టెడ్ తొడ యెముక విరిగెను. కొలది దినములకే పసిబిడ్డ మరణించెను. అయినను మంచెపై మోయించుకొని తోటలో తిరుగుచు పనులు చూచెను. ఆ గాయము ఆయనను జీవితాంతము కుంటివానిని చేసెను. 1866 నుండి బ్రూక్లిన్‌లో ప్రాస్పెక్ట్ పార్కును వాక్స్‌తో కలసి తీర్చెను. అందలి సువిశాలమైన పచ్చికబయలున కుటుంబములు వేర్వేరుగా కూర్చుండియు ఒకే కన్నుచూపు మేరలో నుండగలవు.

1895 నాటికి జ్ఞాపకశక్తి క్షీణించి వృత్తిని విడిచెను. కడపటి దినములు ఒక మానసిక చికిత్సాలయమున గడిపెను. దాని ఆవరణపు అమరికకు పూర్వము ఆయనయే సలహా యిచ్చియుండెను. 1903 ఆగస్టు 28వ తేదీన అచ్చటనే కన్నుమూసెను.

843 ఎకరముల సెంట్రల్ పార్కులో నేడును, ఒకరి పేరొకరు ఎఱుగనివారు ఒకే చెట్టు నీడను పంచుకొనుచున్నారు. తన పేరు సైతము తెలియని జనులకు ఆయన ఇచ్చిపోయిన ఆస్తి అదియే.