జాన్ హారిసన్

1707లో సిల్లీ దీవుల వద్ద దారి తప్పిన నాలుగు ఆంగ్ల యుద్ధనౌకలు రాళ్లకు కొట్టుకొని మునిగెను. వేయిమందికి పైగా నావికులు మరణించిరి. నడికడలిలో రేఖాంశము తెలియకుండుట నాటి ఓడలకు పెద్ద గండము. దానిని తెలిసికొను ఉపాయమునకు 1714లో ఆంగ్ల పార్లమెంటు 20,000 పౌనుల బహుమానము ప్రకటించెను.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. బయలుదేరిన రేవులోని వేళను తప్పక చూపు గడియారము ఓడలో నున్నచో, దానిని ఓడయున్న చోటి మధ్యాహ్నముతో పోల్చి రేఖాంశము కట్టవచ్చును. కాని ఓడ ఊపునకు, వేడికి, చలికి తట్టుకొను గడియారమేది?

1693లో యార్క్‌షైరులో వడ్రంగి యింట జన్మించిన హారిసన్ దాదాపు 30 ఏండ్లు పాటుపడి, 1759లో తన నాలుగవ గడియారమును ముగించెను. అది పెద్ద జేబుగడియారమును పోలియుండెను. 1761లో అతని కుమారుడు దానిని జమైకాకు గొనిపోగా, అచ్చట తేలిన తేడా సుమారు 5 సెకనులే!

అయినను బహుమాన సంఘములోని ఖగోళజ్ఞులకు చంద్రునిపైననే గురి. సగము సొమ్మిచ్చి, మరల పరీక్షలనిరి. ముసలివాడు మూడవ జార్జి రాజుకు మొరపెట్టుకొనెను. 1773లో పార్లమెంటు మరి 8,750 పౌనులిచ్చునప్పటికి అతనికి 80 ఏండ్లు. అప్పటికే ఆ గడియారపు ప్రతిరూపము కెప్టెన్ కుక్ ఓడపై దక్షిణ సముద్రములలో తిరుగుచుండెను.