జెర్డను దొరయు, యానాదులును

బంటుమిల్లి ప్రాంతపు పొలముగట్లపై ఎలుకబొరియలకు పొగబెట్టు యానాదిని మన రైతు లెల్లరు నెఱుగుదురు. బొరియ వాకిలి చూచియే లోన నున్నది ఎలుకయో పామో వాడు చెప్పగలడని ప్రతీతి. ఆ నేర్పునకు పిడికెడు గింజలిచ్చి పంపుదుమే కాని, అదియు నొక శాస్త్రమని తలచువారు మనలో నరుదు. అట్లు తలచిన యొక పరదేశీయుని చరిత్రమును నేడు పాఠకులకు విన్నవింతుము.

థామసు కావర్‌హిల్ జెర్డను 1811లో ఇంగ్లండునందలి డర్హాము సీమలో జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1836లో కుంపిణీవారి సహాయవైద్యుడై చెన్నపట్టణమున దిగెను. తొలుత గంజాము మండలమున జ్వరముచేతను రక్తగ్రహణిచేతను కృశించుచున్న సిపాయిలకు మందిచ్చుట ఆయన పని. అచ్చటి తూర్పుకనుమలలోనే పక్షిసేకరణ కారంభము జరిగెను. దక్కనునందును నీలగిరులయందును తిరిగి, పిదప నెల్లూరున సివిల్ సర్జనుగా నుండెను.

నెల్లూరి యడవులలో ఆయనకు గురువులైనవారు యానాదులు. పామేది, పసరేది, ఏ పిట్ట ఏ పొదలో గ్రుడ్లు పెట్టును అను విషయములు వారికి కరతలామలకములు. వారినుండి సంగ్రహించిన జ్ఞానము ఆయన విద్యకు పుష్టి నిచ్చెను. 1843 మొదలు 1847 వరకు ఏబది వర్ణచిత్రములతో పక్షులనుగూర్చి యొక గ్రంథమును చెన్నపట్టణమున వెలువరించెను. 1851లో దక్షిణదేశపు చీమలను, 1853లో సరీసృపములను వర్ణించెను. 1862-64 నడుమ వెలువడిన ఆయన భారతపక్షిగ్రంథమున వేయికి పైబడిన జాతులు గలవు. అందు పెక్కింటికి తెలుగు పేర్లను సయితము చేర్చుట ఆయన ఔదార్యమునకు నిదర్శనము. 1872లో స్వదేశమున మరణించెను.

ఆయన పేర నిలిచిన పక్షి యొకటి కలదు. ఆయన పంపిన ప్రతిని బట్టి 1848లో కలకత్తాయందలి బ్లైతు పండితుడు దానిని లోకమునకు వెల్లడించెను. జెర్డను వ్రాసికొన్న దాని తెలుగు పేరు అడవి ఉట తిత్తి. నేడు మనవారు దానిని కలివికోడి యందురు. ఆంగ్లేయుల వ్యవహారమున నది జెర్డను పక్షి. 1900 తరువాత దానిని చూచినవారు లేక, నశించినదనియే పండితులు తలచిరి. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు దాని బొమ్మలను పల్లెపల్లెకు చూపుచు వెదకగా, 1986 జనవరిలో కడప మండలమున రెడ్డిపల్లె చెంత రాత్రివేళ ఐతన్న యను వేటగాడు దానిని సజీవముగా పట్టి తెచ్చెను. ఎనుబదియైదేండ్లు పండితులకు కానరాని పక్షి పల్లెటూరి వేటగానికి చిక్కినది! 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది ఆ పక్షికొఱకే.

ఇంచుమించు జెర్డను కాలముననే వాలెసు పండితుడు 1854 నుండి 1862 వరకు మలయ ద్వీపములందు సంచరించెను. ఆయన వెంట నలీ యను మలయ బాలకు డుండెను. 1858లో బచాను దీవియందు ఒక అపూర్వపక్షిని కొట్టితెచ్చినది అలీయే యని వాలెసు తన గ్రంథమున చెప్పుకొనెను. 1905నాటి స్వీయచరిత్రమున వాని ఛాయాచిత్రమును సయితము ముద్రించెను. కావుననే అలీ నేటికిని జీవించియున్నాడు. నెల్లూరి యానాదులకు ఆ భాగ్యము పట్టలేదు. వారు జాతిపేరుననే మిగిలిరి, వ్యక్తులుగా మఱుగుపడిరి.

ఇందుకు జెర్డను నొక్కని నిందించుట న్యాయము గాదు. అన్యుడై వచ్చి ఆయన వారిని అడిగి తెలిసికొనెను. తరతరములుగా వారి పొరుగున నున్న మనము అడుగనైన లేదు. నింద మొదట మనకే చెందవలెను. పరపాలన 1947లో తొలగినది గాని, ఎఱుక గలవానిని వాని కులముచేత కొలుచు అలవాటు ఆ దినమున తొలగిపోలేదు. కొల్లేటి పక్షులను, దివిసీమ మడయడవుల జీవములను ఎఱిగినవారు మన చెంతనే యున్నారు. ఈ మాసూళ్లకు మీ చేనిగట్టుపైకి వచ్చు యానాదిని ముందుగా పేరడుగుడు. ఆ పిమ్మట పిట్ట పేరడుగుడు. రెండును వ్రాసియుంచుడు. ఆ పని జెర్డనుకంటె మనకే సులభము, మనకే విధి.