రాజా దీనదయాళ్

నేడు సెల్‌ఫోను చేతబట్టని విద్యార్థి అరుదు. గుంటూరు మిరపయార్డునకో, అమరావతి తిరునాళ్లకో పోయినప్పుడు మన పిల్లలు ఎదుటివారి ముఖమును క్షణములో పటము కట్టి తెచ్చుచున్నారు. ఆ ముఖము ఎవరిది, అడిగి తీసితిమా అను ఆలోచన మాత్రము కలుగుట లేదు. అందుచేత పరాయి నగరమున కాలుమోపి, ఎరుగనివారిని చిత్రించి కీర్తి గడించిన యొక మహనీయుని జీవితమును ఇచ్చట సంగ్రహముగ తెలుపుచున్నాము.

దీనదయాళ్‌గారు 1844వ సంవత్సరమున మీరట్ సమీపమందలి సర్ధానాలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరున పబ్లిక్ వర్క్సు శాఖ యందు ఉద్యోగమున చేరిరి. అంచనాలు వేయుట, నక్షలు గీయుట వీరి పని. తీరిక వేళలలో వేడుకగా ఛాయాచిత్రకళను అభ్యసించిరి. హోల్కరు మహారాజును, గవర్నరు జనరల్ ఏజెంటగు హెన్రీ డేలీ దొరయు ప్రోత్సహింపగా ఆ వేడుకయే వృత్తి యాయెను. తరువాత లెపెల్ గ్రిఫిన్ దొర వెంట బుందేల్‌ఖండము తిరిగి కోటలను, ఆలయములను చిత్రించిరి.

ఆనాటి కెమెరా బరువైన కొయ్యపెట్టె. దానిని ముక్కాలిపై నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని చూడవలెను. తొలుత గాజుపలకకు రసాయనము పూసి, తడి యారకముందే చిత్రము తీసి కడుగవలసి యుండెను. 1880 ప్రాంతమున పొడిపలకలు వ్యాపించి శ్రమ కొంత తగ్గెను గాని, అంత పెట్టెతో దొంగచాటుగ తీయుట కష్టమే. కదలినవాని రూపము మసకబారును. కనుక తీయువాడు వేడుకొనవలెను, నిలుచువాడు సమ్మతింపవలెను. ఆ పెట్టె బరువే యొక మర్యాదను నేర్పెను.

1885లో ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖానుగారు వీరిని ఆస్థాన ఛాయాగ్రాహకునిగ నియమించిరి. ఊరు క్రొత్త, ఆచారములు క్రొత్త. అయినను వీరు దర్బారులను, వేటలను, సైన్యములను, చార్మినారు పరిసరములను పలకలపై నిలిపిరి. ఘోషాస్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరని యెరిగి, 1892లో హైదరాబాదున వారికై ప్రత్యేకముగ జనానా స్టూడియో స్థాపించి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో పెట్టిరి. తాము పోరాని చోటికి పోకపోవుట వీరి కీర్తికి లోటు కాలేదు. 1894లో నిజాముగారు వీరికి రాజా ముసవ్విర్ జంగ్ బహద్దూర్ అను బిరుదమిచ్చిరి. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలోను స్టూడియో తెరచిరి. 1905 జూలైలో అచ్చటనే కాలధర్మము నొందిరి. వీరి గాజుపలకలు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి.

ఆ చిత్రములలో నవాబుల చిత్రములకు పేర్లు గలవు. నిజాము రాజ్యమున కరవు సహాయపు పనుల వద్ద నిలిచిన బీదల చిత్రములను గూడ వీరు తీసిరి. వారి ముఖములు మిగిలినవి, పేర్లు మిగులలేదు. ఇది వీరి యొక్కరి లోపము కాదు, ఆ కాలపు లోపము. అయినను లోపము లోపమే.

పేరు పోవుట యెట్టిదో మన తుళ్లూరువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2015లో రాజధానికై ఇచ్చటి భూములు సమీకరింపబడినప్పుడు, ఊరెరుగనివారు పలువురు వచ్చి మన రైతుల ముఖములను పటములుగ తీసికొనిపోయిరి. అడిగి తీసినవారిని మన పెద్దలు ఇంటికి పిలిచి మజ్జిగ యిచ్చిరి. అడుగక తీసినవారి విషయమున వారికి కలిగిన నొప్పి వేరు. పొలము విడిచిన నాటి ముఖము ఎచ్చటనో అచ్చుపడెను; క్రింద రైతు అను మాట తప్ప వేరేమియు లేదు.

విద్యార్థులారా! మీ చేతి కెమెరాకు బరువు లేదు. కావున ఆ బరువును మీరే మనస్సున మోయవలెను. క్రొత్త పేటకు పోయినప్పుడు ముందు పలుకరింపుడు, వలదన్నచో దించుడు, సరేయన్నచో తీసి, పేరడిగి వ్రాసికొనుడు. దీనదయాళ్‌గారి ఓర్పును కైకొని, ఆ కాలము విడిచిన పనిని మీరు పూర్తి చేయుదురు గాక.