పటమట కవి – సౌదామిని

కృష్ణ ఒడ్డునున్న భవానీపురం నుండి బయలుదేరి, ఇంద్రకీలాద్రిని చుట్టి, బెజవాడ నడిబొడ్డును దాటి తూర్పుగా పోతే పటమట వస్తుంది. నేడు రెండూ ఒకే నగరంలోని పేటలు. ఆ పటమటలో 1894 డిసెంబరు 13వ తేదీన బసవరాజు అప్పారావు జన్మించారు. ముప్పది తొమ్మిదేండ్లయినా నిండకుండానే 1933 జూన్ 10వ తేదీన కన్నుమూశారు.

ఈ రెండు తేదీల నడుమ ఆయన చేసిన పని ఉపాధ్యాయలోకానికి తెలిసినదే. పత్రికలలో పనిచేశారు, న్యాయవాదిగా ఉన్నారు, ఆంధ్ర కవిత్వ చరిత్రము అనే గ్రంథం రచించారు. కాని ఆయన పేరును నిలిపినవి పాటలు. గుత్తివంకాయ కూరపై ఆయన కట్టిన పాట బందా కనకలింగేశ్వరరావు గళాన ఊరూరా వినిపించింది. కొల్లాయి కట్టిన గాంధీని గూర్చిన గీతం 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల చిత్రంలోకి ఎక్కింది. అప్పటికి కవి గతించి అయిదేండ్లు.

ఇంత చిలిపితనం గల కవిని మనం విషాదకవి అని కూడా పిలుచుకొన్నాము. భావకవిత్వం వెల్లివిరిసిన ఆ రోజులలో దుఃఖం కవికి ఒక ఆభరణం. నిద్రలేని రాత్రీ, నిష్కారణమైన కన్నీరూ కవితాసామగ్రి. అట్టి కాలంలో కవి మనస్సుకు నిజంగానే జబ్బు చేస్తే, అది జబ్బని ఎవరు గుర్తించగలరు? అప్పారావు జీవితపు తుది భాగాన జరిగినది అదే. ఆయన మనస్సు వ్యాధిగ్రస్తమైనది. సాహిత్య చరిత్రకారులు సాధారణంగా ఈ సంగతిని ఒక వాక్యంలో ముగించి, పాటల వైపు మళ్లుతారు.

ఆ ఒక్క వాక్యంలో ఇమడని వ్యక్తి ఒకరున్నారు. ఆమె భార్య రాజ్యలక్ష్మమ్మ. సౌదామిని అన్న పేరుతో ఆమె కూడా కవిత్వం వ్రాశారు.

ఆయన వ్యాధి ఇది అని నేడు మనం పేరు పెట్టడం తగదు. రోగిని చూడని వైద్యం వైద్యం కాదు. పాటలలోని చరణాలను రోగలక్షణాలుగా లెక్కపెట్టడం అంతకన్నా తప్పు. కాని ఇట్టి వ్యాధులు ఇంటిలో ఎట్లా మసలుతాయో నేడు తెలుసు. కొందరిలో మనస్సు ఉప్పొంగిన దశ ఒకటి, క్రుంగిన దశ ఒకటి మారుతూ వస్తాయి. ఉప్పొంగినప్పుడు వారం రోజులు కన్నుమూయకపోయినా అలసట ఉండదు. మాటకు అడ్డు లేదు, ఖర్చుకు లెక్క లేదు. క్రుంగినప్పుడు వారాల తరబడి లేచి ముఖం కడుగుకొనడమే కొండంత పని. ప్రక్కనున్న భార్యకు దినదినమూ ఒకే సందేహం: నిన్న తిట్టినది నా భర్తయా, ఆ జబ్బా? తాను చేసిన తప్పేమిటి? లోకం ఆమెకు తోడు రాదు సరికదా, ఇల్లాలు సరిగా చూచుకొంటే ఇట్లా అవుతుందా అని కూడా అంటుంది. ఈ మాట నేటికీ మన వీధులలో వినబడుతూనే ఉన్నది.

1933 నాటి ఇల్లాలికి ఉన్న సాధనాలేమిటి? ఉన్మాద విషాద దశలు రెండూ ఒకే వ్యాధికి రెండు ముఖాలని జర్మను వైద్యుడు క్రేపెలిన్ 1899 నాటికే చెప్పాడు గాని, మందు చెప్పలేదు. మన దేశంలో అప్పుడు అమలులో ఉన్నది 1912 నాటి ఉన్మాదుల చట్టం. దాని పేరే దాని చూపును తెలుపుతుంది. లిథియం లవణం ఉన్మాదాన్ని అణచగలదని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ప్రకటించినది 1949లో. అంటే అప్పారావు పోయిన పదునారేండ్లకు. ఆయనకు అది పనికివచ్చేదో కాదో చెప్పలేము. అప్పటికి భూతవైద్యుడూ, గ్రహశాంతీ, తలుపు గడియా తప్ప మన ఇండ్లలో వేరు దారి అరుదు.

నేడు మందులున్నాయి. 2017లో వచ్చిన చట్టం రోగిని హక్కులున్న మనిషిగా చూస్తుంది. 2022 నుండి 14416 అన్న సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది. రోగియే కానక్కరలేదు, ఇంటివారైనా చేయవచ్చు. నిద్ర తగ్గడం వంటి తొలి సూచనలను ఇంటిల్లిపాదీ గుర్తించడం నేర్చుకొంటే, వ్యాధి తిరుగబెట్టడం తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. ప్రేమ ఒక్కటే మందు అని మాత్రం వారు చెప్పరు. రాజ్యలక్ష్మమ్మగారికి ప్రేమ కొరత లేదని ఆమె జీవితమే సాక్ష్యం.

భర్త పోయిన తరువాత ఆమె మౌనంగా ఉండిపోలేదు. తమ సంసారాన్ని గూర్చి గ్రంథం వ్రాశారు. మహాకవి జీవితమని గాని, అమరుని చరిత్ర అని గాని దానికి పేరు పెట్టలేదు. అప్పారావుగారూ – నేనూ అన్నారు.