ఆచార్య పంచానన్ మహేశ్వరి

వృక్షశాస్త్ర విద్యార్థులు పరీక్షల వేళ వల్లించే పేర్లలో ఆచార్య పంచానన్ మహేశ్వరి గారి పేరొకటి. పేరు తెలిసినంతగా ఆ మహనీయుని జీవితం మన విద్యార్థులకు తెలియదని మేము భావిస్తున్నాము.

మహేశ్వరి గారు 1904 నవంబరు 9న జయపూరులో జన్మించారు. దృష్టిలోపం వలన వైద్యవిద్యపై ఆశ వదులుకొని, అలహాబాదులోని ఈవింగ్ క్రిస్టియన్ కళాశాలలో వృక్షశాస్త్రం అభ్యసించారు. కన్ను చాలదని వైద్యానికి దూరమైన వ్యక్తి జీవితమంతా సూక్ష్మదర్శినికే కన్ను అప్పగించడం విచిత్రమే! అక్కడ ఆయన గురువు అమెరికా దేశీయుడైన విన్‌ఫీల్డ్ డడ్జన్. గురుదక్షిణ ఏమి కావాలని శిష్యుడు అడుగగా, తాను చేసినదే అతడు తన శిష్యులకు చేయాలని మాత్రం ఆ గురువు కోరాడట. ఆగ్రాలో, ఢాకాలో, 1949 నుండి ఢిల్లీలో ఆయన ఆ ఋణమే తీర్చుకున్నారు. 1950లో వెలువడిన ఆయన పిండోత్పత్తి శాస్త్ర గ్రంథం దేశదేశాల పాఠ్యపుస్తకమైంది.

పిండాన్ని మైనంలో పొదిగి, పలుచగా కోసి, రంగులద్ది చూడడం ఆ శాస్త్రపు పాత పద్ధతి. అందులో కనిపించేది నిర్జీవమైన పిండమే. తల్లి నుండి వేరైన పిండం బ్రతకాలంటే ఏమేమి కావాలి? మహేశ్వరి గారిని ఆకర్షించినది ఈ ప్రశ్న. 1962లో ఆయన కాంత, రంగస్వామి అనే సహపరిశోధకులతో కలిసి గసగసాల మొక్క అండాలను వెలికితీసి, పోషక యానకంపై ఉంచి, పరాగం చల్లారు. పరీక్షనాళికలోనే ఫలదీకరణం జరిగి విత్తనాలు ఏర్పడ్డాయి.

చక్కెర, లవణాలు ఉంటే చాలునా? గాలి మాట ఏమిటి? నాళిక మూతికి పెట్టే దూది బిరడాను మనం సామాన్యంగా చూస్తాము గాని, అది సూక్ష్మజీవులను ఆపుతూనే గాలిని పోనిస్తుంది. మొలకెత్తే పిండం ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. కణజాలం నుండి ఇథిలీన్ కూడా వెలువడుతుంది. మామిడికాయలను మాగబెట్టేది ఈ వాయువే. మూత బిగిస్తే అది లోపలే పేరుకొని, కొన్ని మొక్కలలో పెరుగుదలకు అడ్డు తగులుతుంది. అట్లని ప్రాణవాయువు ఎంత ఎక్కువైతే అంత మేలనడానికీ లేదు. ద్రవయానకంలో అది తగ్గినప్పుడు క్యారట్ కణాలు పిండాలుగా మారడానికి మొగ్గు చూపుతాయని 1972లో తేలింది.

అది చూడడానికి మహేశ్వరి గారు లేరు. 1965లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులై, 1966 మే 18న ఢిల్లీలో కన్నుమూశారు. అంతకు రెండేండ్ల ముందే, ఆయన శాఖలో సిప్రా గుహ, ఆయన కుమారుడు సతీశ్ చంద్ర మహేశ్వరి కలిసి ఉమ్మెత్త పరాగకోశాల నుండి పిండాలను పుట్టించారు.