ఒంటరి నావికుడు జాషువా స్లోకమ్

ఒంటరిగా నావపై భూగోళమును మొట్టమొదట చుట్టివచ్చిన సాహసి జాషువా స్లోకమ్. ఈయన 1844 ఫిబ్రవరి 20 వ తేదీన, నేటి కెనడా దేశమునందలి నోవా స్కోషియాలో జన్మించెను. తండ్రి బూట్లు కుట్టి జీవించువాడు. ఆయన కుమారుని చిన్ననాడే బడి మాన్పించి తన పనిలో కూర్చుండబెట్టెను. కాని బాలుని మనస్సు సముద్రముపైననే యుండెను. 16 వ యేట ఇల్లు విడిచి ఓడనెక్కి, స్వయంకృషిచే నౌకావిద్య నేర్చి, క్రమముగా పెద్ద ఓడలకు కప్తానయ్యెను.

నడివయస్సున కష్టములు చుట్టుముట్టెను. 1884 లో భార్య మరణించెను. 1887 లో సొంత ఓడ బ్రెజిల్ తీరమున ధ్వంసమయ్యెను. ఆవిరి ఓడలు ప్రబలుటచే తెరచాప కప్తానులకు పని కరవయ్యెను. అట్టి తరి నొక మిత్రుడు ఒడ్డున శిథిలమై పడియున్న పాత నావ నిచ్చెను. స్లోకమ్ 13 నెలలు శ్రమించి దానిని తన చేతులతో పునర్నిర్మించెను. పొడవు 37 అడుగులైనను లేని ఆ 'స్ప్రే' నావపై, 1895 ఏప్రిల్ 24 న బోస్టన్ రేవునుండి ఏకాకిగా బయలుదేరెను.

దక్షిణ అమెరికా కొనను దాటి, 1896 మే 5 న జువాన్ ఫెర్నాండెజ్ దీవిని విడిచి, పసిఫిక్ మహాసముద్రమున పడమరకు సాగెను. చుక్కాని కట్టివేసినచో నావ తనంతట తానే దారి తప్పక నడచెడిది. ఆయన వంట చేసికొనుచు, బట్టలు కుట్టుకొనుచు, పుస్తకములు చదువుకొనుచు కాలము గడపెను. కాలము తెలిసికొనుటకు ఒక డాలరు వెలగల రేకు గడియారమే ఆధారము.

43 వ నాడు సూర్యచంద్రుల నడిమి దూరమును కొలిచి లెక్కించగా, నావ తా ననుకొన్నచోటికి వందలాది మైళ్లు పడమటనున్నట్లు తేలెను. మరల కొలిచినను అదియే ఫలితము. మహాసముద్రమధ్యమున ఉనికి తెలియకున్న నావికునకు దీవి దొరకుట దుర్లభము. స్లోకమ్ కలతపడక గణితపట్టికలనే శోధించి, అచ్చులోని ఒక అంకెల వరుస తప్పని కనుగొనెను. సరిదిద్దగా రెండు లెక్కలకును భేదము 5 మైళ్లలోపే. కొద్ది గంటలలో నూకహీవా దీవి శిఖరములు కానవచ్చెను. బడిచదువు లేనివాడు అచ్చుపుస్తకమును దిద్దగల్గెను!

అచ్చట ఆగక మరి 29 దినములు సాగి, జూలై 16 న సమోవాలోని అపియా రేవున లంగరు దించెను. అప్పటికి 72 దినములు. వెంటనే ఒడ్డునకు దిగక, నావపై పందిరి గుడ్డ పరచుకొని, ప్రొద్దుపోవువరకు ద్వీపవాసుల పాటలు వినుచు కూర్చుండెను. అన్నినాళ్ల పిదప వినవచ్చిన మనుష్యకంఠము లాయనకు అమృతప్రాయములయ్యెను.

ప్రఖ్యాత రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆ దీవియందే 1894 లో దివంగతుడైయుండెను. ఆయన భార్య మరునాటి ఉదయముననే వచ్చి స్లోకమును తన యింటి కాహ్వానించెను. హిందూమహాసముద్రపు దారులు తెలుపు గ్రంథమును ఆయనకు కానుకగా నొసగెను. యజమాని గతించినను పుస్తకము మరియొకనికి మార్గదర్శి యయ్యెను.

1898 జూన్ 27 న, 46,000 మైళ్లు పర్యటించి, స్లోకమ్ అమెరికా చేరెను. ఆయన యాత్రాగ్రంథము 1900 లో వెలువడి పెక్కు భాషలలో వ్యాపించెను. 1909 లో అదే నావపై బయలుదేరి మరల తిరిగిరాలేదు. సముద్ర మాయనను తనలో కలుపుకొనినను, ఆయన వ్రాసిన గ్రంథము నేటికిని పాఠకుల చేతులలో ప్రయాణము చేయుచునే యున్నది.